ఎన్ని తీర్ల బాడీలు

నా చిన్నప్పుడు మా వాడలో బడి ముఖం చూడని ఆడవాళ్లు కూడా రోజూ వాడే ఇంగ్లీషు మాట ఒకటి ఉండేది. బాడీ. రవికె లోపల వేసుకునే తెల్ల పాప్లిన్ గుడ్డను అట్లా అనేవాళ్లు. మా మేనత్త అవి కుట్టేది. సాయంత్రం పూట ఎవరో ఒకరు కొంగు చాటున గుడ్డ ముక్క తెచ్చి, ఒక బాడీ కుట్టి పెట్టక్కా అని మెల్లగా చెప్పి పోయేవాళ్లు. అది ఇంగ్లీషు మాట అని నాకు తెలియదు. దారం, బొత్తాం, అంచు లాగా అదీ మన మాటే అనుకునేదాన్ని. మగవాళ్ల ముందు మాత్రం ఆ మాట గట్టిగా అనకూడదని తెలుసు.

మేము పటాన్‌చెరువులో, బొంబాయి రోడ్డుకు వెనకగా ఉన్న రేకుల ఇళ్ల వరుసలో ఉండేవాళ్లం. మా నాయనది కొండాపూర్ వైపు పల్లె. అక్కడి మెట్ట చెలక మీద ఇల్లు గడవక, పాశమైలారంలో మందుల పొడి తయారుచేసే ఒక కంపెనీలో ఫిట్టర్‌కు సహాయకుడిగా చేరాడు. మా మేనత్త ఆయనకు అక్క. పెళ్లయిన కొద్ది ఏళ్లకే భర్త పోతే, తన కుట్టుమిషను ఒక్కటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంట్లో ఉంది కాబట్టి, అన్ని ఇళ్లలోనూ అమ్మ, నాయన, అత్త అని ముగ్గురు పెద్దవాళ్లు ఉంటారనుకునేదాన్ని.

నాయనకు రాత్రి షిఫ్టు పడిన వారాల్లో ఆయన పొద్దున సేటు దుకాణం తెరిచే వేళకు ఇల్లు చేరేవాడు. ముందుగా ఆ మందుల పొడి వాసన వచ్చేది, తరువాత ఆయన వచ్చేవాడు. చొక్కా ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు. నేను చెప్పబోయే రోజు పొద్దున ఆ వాసన రాలేదు. సేటు దుకాణం తెరిచి చాలాసేపు అయింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. అమ్మ బాలింత. పసివాడిని ఒళ్లో వేసుకుని, వాకిలి వైపు చూసి, మళ్లీ పసివాడి వైపు చూసేది. ఆ రోజుల్లో ఏదో ఒక కంపెనీలో ఏదో ఒకటి జరిగిందని వినడం మాకు కొత్త కాదు. అందుకే ఎవరమూ ఏమీ అనేవాళ్లం కాదు.

తెల్ల దారం అయిపోయిందని చెప్పి అత్త నన్ను వెంటబెట్టుకుని సేటు దుకాణానికి బయలుదేరింది. దారం కోసమే కాదని ఇప్పుడు తెలుసు. వాడ మొత్తానికి ఫోను అక్కడ ఒక్కటే ఉండేది.

మేము వెళ్లేసరికి సేటు ఆ ఫోనులోనే అరుస్తున్నాడు. "హలో! హలో! ఎవరదీ? జెర గట్టిగ చెప్పుండ్రి, ఏం ఇనవడ్తలేదు!" అంతలో ఆయన గొంతు తగ్గింది. కాసేపు విన్నాడు. లైను తెగిపోయినట్టుంది. రిసీవరును, అది ఎక్కడ పగులుతుందో అన్నట్టు, మెల్లగా పెట్టాడు. అత్తను చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"కంపెనీకెళ్లి ఫోను చెల్లె," అన్నాడు. "సగం సగమే ఇనవడ్డది. మీ తమ్ముని పేరు చెప్పిండ్రు. బాడీ దవాఖాన పక్కన దించినమన్నరు. ఇంటోళ్లను రమ్మన్నరు."

నాకు ముందు అర్థం కాలేదు. అత్త కుట్టిన బాడీని నాయన దవాఖానకు ఎందుకు తీసుకుపోయాడా అనుకున్నాను. సేటు అంత మంది ముందు ఆ మాట అన్నందుకు సిగ్గు కూడా వేసింది. పక్కన పప్పు తీసుకుంటున్న ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ! బాడీ అన్నరా? బాడీ అంటే పీనుగే గద!"

"నువ్వు జెర ఊకోవమ్మా, పిల్ల ఇంటున్నది," అని సేటు కసిరాడు. కాని నేను అప్పటికే విన్నాను.

అత్త చేతిలో దారం రీలు ఉంది. దాని కొస వదులై వేలాడుతోంది. ఆమె ఆ కొసను వేలితో పట్టుకుని, తొందర లేకుండా రీలుకు చుట్టి, చివరను గాడిలో ఇరికించింది. ఆ తరువాతే మాట్లాడింది.

"బాడీ అనే అన్నరా సేటూ? ఇంకేమన్న అన్నరా?"

"గంతే ఇనవడ్డది చెల్లె. అబద్ధమెందుకు."

"మా మరదలికి చెప్పకుండ్రి. పచ్చి బాలింత."

దుకాణం మెట్లు దిగాక నేను అడిగాను, నాయన చచ్చిపోయాడా అని. అత్త ఆగి నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపగించిన పంతులమ్మ చూపులాగా ఉంది.

"ఎవలన్నరు సచ్చిపోయిండని? బాడీ అన్నరు. బాడీ అంటే గదొక్కటేనా? మరి నేను కుట్టేదేంది?" అంది. "ఈ రోడ్డు పొంటి ఎన్ని తీర్ల బాడీలున్నయో నీకు ఎర్కనా? నాకూ ఎర్క లేదు. అడుక్కుంట పోదాం పా. నువ్వడుగు, నేనింట."

దవాఖాన దగ్గరికి బస్సులో పోవచ్చు. మేము నడిచి పోయాము. ఎందుకని నేను అడగలేదు.

బొంబాయి రోడ్డు ఎక్కగానే లారీల షెడ్లు వచ్చేవి. నేను బడికి పోయే దారి అదే. రోజూ చూసేదాన్ని, ఎన్నడూ ఆగలేదు. అత్త మొదటి షెడ్డు ముందు నిలబడి, అడుగు అన్నట్టు నా వీపు మీద తట్టింది. చెవి మీద పెన్సిలు పెట్టుకున్న ఒక ముసలి మేస్త్రి చెక్కను కొలుస్తున్నాడు. మగవాళ్ల మధ్య ఆ మాట అనడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. తల వంచుకుని, తాతా, మీ దగ్గర బాడీ అంటే ఏంది అని గొణిగాను.

"ఏందీ?" అన్నాడాయన. నేను మళ్లీ అన్నాను. ఆయన కొలత ఆపి పెద్దగా నవ్వాడు. "అరే బేటీ, అదే గదా మా రోటీ!" అని నా చెయ్యి పట్టుకుని షెడ్డు చివరకు తీసుకుపోయాడు.

అక్కడ నాలుగు చక్రాల మీద రెండు ఇనుప దూలాలు, ముందు ఒక ఇంజను, దాని వెనక స్టీరింగు మాత్రం ఉన్నాయి. కూర్చునే చోట ఒక చెక్కపెట్టె. తలుపుల్లేవు, కప్పులేదు. కొత్త లారీ దాని కంపెనీ నుంచి ఇట్లాగే వస్తుందట. ఆ పెట్టె మీద కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎండలో వానలో ఎక్కడెక్కడి నుంచో డ్రైవరు నడుపుకుంటూ తెస్తాడట. "గిప్పుడిది లారీ కాదు బేటీ. దీనికి ఉరుకుడొక్కటే వస్తది. మేం బాడీ కడితెనే లారీ. గప్పుడు మోస్తది," అన్నాడు. పూర్తయిన ఇంకొక లారీ మీదికి నన్ను ఎత్తి నిలబెట్టాడు. చుట్టూ కొత్త చెక్క వాసన. మా ఇల్లు అందులో పట్టేటట్టు ఉంది. ఉరకడమే తప్ప మొయ్యడం రానిదానికి మొయ్యడం నేర్పేది ఆ చెక్కలే అన్న సంగతి నాకు చాలా గొప్పగా తోచింది.

దిగాక అత్త కూడా బాడీలు కుడుతుందని చెప్పేశాను. చుట్టూ పనివాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. మేస్త్రి మాత్రం తొణకలేదు. "అయితే మీ అత్తా నేనూ ఒక్క పనోళ్లమే," అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీకు మేకులు కావాలె చాచా, నాకు సూది సాలు," అంది. ఆమె నవ్విందనే అనుకున్నాను.

తరువాత మోటార్లు చుట్టే ఒక చిన్న కొట్టు. లోపల ఒక యువకుడు రాగి తీగల మధ్య కూర్చుని ఉన్నాడు. ఇక్కడ నాకు అంత సిగ్గు వెయ్యలేదు. ఆయన మాటల్లో చెప్పకుండా చేసి చూపించాడు. బల్బుకు తగిలించిన వైరు కొస ఒకటి మోటారు లోపలి తీగకు పెట్టాడు, రెండోది పైనున్న ఇనుప తొడుగుకు ఆనించాడు. "ఈ తొడుగే బాడీ. కరెంటు ఎప్పటికీ తీగలనే ఉండాలె. బాడీకొచ్చిందా, ముట్టినోన్ని కొడ్తది. బల్బు వెలిగిందంటె ఖరాబైనట్టు," అన్నాడు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. దీపం వెలగకూడదని కోరుకోవడం నాకు అదే మొదటిసారి. వెలగలేదు.

"బాడీ మంచిగుంది," అన్నాడు ఆయన, మామూలుగా.

అత్త చెయ్యి నా చేతిని గట్టిగా నొక్కింది. ఆయన అన్నది మోటారు గురించి. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆమె కాసేపు అక్కడి నుంచి కదలలేదు.

కుస్తీ నేర్పే తాలీం ముందు అడగవలసిన అవసరమే రాలేదు. గోడ మీద కూర్చున్న కుర్రవాడొకడు మా మాటలు విని, "బాడీ అంటే గిదీ!" అని చెయ్యి మడిచి కండ చూపించాడు. వాడి పక్కవాడు, "అది బాడీ కాదురా, బొక్కలు," అన్నాడు. అత్త కూడా ఒక మాట వేసింది. "ఇంక జెర పాలు తాగాలె కొడుకా. ఇంక రాలే."

నాకు బాగా విడ్డూరంగా అనిపించింది పంచాయతీ ఆఫీసు దగ్గర. మెట్ల మీద అటెండరు బీడీ కాలుస్తున్నాడు. మీ దగ్గర బాడీ ఉందా అని అడిగాను. అప్పటికి నాకు ధైర్యం వచ్చేసింది.

"లేదు," అన్నాడు ఆయన వెంటనే.

"ఏడికి పోయింది?"

"ఏడికి పోలే. టైమైపోయింది, రద్దయింది. ఎలక్షన్లయినంక కొత్త బాడీ వస్తది."

సర్పంచూ వార్డు మెంబర్లూ కలిసి ఒక బాడీ అని, అందులో ఎవరూ చనిపోకుండానే అది పోతుందని, మళ్లీ వస్తుందని అత్త విడమరచి చెప్పింది. మరి పాత బాడీ ఏమైతది అని అడిగాను. "ఏమైతది? ఇంట్ల తిని పంటది," అన్నాడు అటెండరు.

అక్కడి నుంచి నడుస్తూ నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. కుట్టేది ఒకటి, కట్టేది ఒకటి. కరెంటు రాకూడనిది ఒకటి. పాలు తాగి పెంచుకునేది ఒకటి, ఓట్లు వేస్తే వచ్చేది ఒకటి. రోజూ నడిచే రోడ్డే, కాని ఆ రోజు అది నాకు తెలిసిన రోడ్డులాగా లేదు. ప్రతి షెడ్డులోనూ మనుషులు తమ చేతిలో ఉన్న పనిని బట్టి ఆ ఒక్క మాటకు ఒక ప్రాణం పోసుకున్నారు. ఒకరిది ఇంకొకరికి తెలియదు. తెలియకుండానే అందరూ దాన్ని వాడుకుంటున్నారు. ఆ మాట ఎంత పెద్దదో ఆ రోడ్డు మీద నాకొక్కదానికే తెలుసనిపించింది. ఇంత పెద్ద మాటలో మా నాయన చచ్చిపోకుండా ఉండడానికి ఏదో ఒక మూల చోటు దొరకకపోదు అనిపించింది.

చాలా ఏళ్ల తరువాత, పుస్తకాలు చదివే అలవాటు వచ్చాక, ఇంకొక సంగతి తోచింది. మన దగ్గర వేటికవి మాటలున్నాయి. బతికి ఉన్నప్పుడు పెయ్యి, అంటే ఒళ్లు. పెయ్యి కడుక్కో అంటాం, పెయ్యి నొస్తుంది అంటాం. పోయాక పీనుగు. ఒకటి అనవలసిన చోట రెండోది ఎవరూ అనరు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో మన మాటే చెబుతుంది. అరువు తెచ్చుకున్న మాటకు ఆ దూరం లేదు. ఆ పొద్దున మా అత్త భయపడింది అందుకే. నన్ను ఆ రోడ్డంతా దాటించగలిగింది కూడా అందుకే.

దవాఖాన గేటు కనిపించగానే అత్త, "ఈడ నువ్వడుగకు. నేనడుగుత," అంది. అప్పుడు ఆమె ముఖం చూశాను. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. అంత దూరంలో ఆమె ఒక్క గుక్క నీళ్లు తాగలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఆమె అడిగింది. అతను నవ్వలేదు. దేని గురించి అని తిరిగి అడగలేదు. "రాత్రి వచ్చిందా? వెనక గదిల ఉన్నది," అన్నాడు. ఆ మాటకు అక్కడ ఒక్కటే అర్థం.

"ఎసొంటి మనిషి?" అంది అత్త.

"నేను సూడలేదు తల్లీ. నా డ్యూటీ పొద్దుగాల షురువైంది. పోయి సూసుకో."

అత్త నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. దారం రీలు నా చేతిలో పెట్టి, కింద పడెయ్యకు అని చెప్పి, భవనం వెనక్కి పోయింది. నేను రీలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. నేర్చుకున్నవన్నీ మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టడానికి చూశాను. ఒక్కటీ గుర్తు రాలేదు. గోడ అవతల ఎవరో ఇనుమును కొడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

అత్త తిరిగి వచ్చింది. నా పక్కన కూర్చుంది.

"మనోడు కాదు," అంది.

నాకు లేచి ఎగరాలనిపించింది. కాని ఆమె ముఖం చూసి ఎగరలేకపోయాను. మరి ఎవరు అన్నాను. "ఎవరో పిలగాడు. మీసాలు గుడ సక్కగ రాలే. ఏ దేశపోడో, పని కోసం వచ్చినట్టున్నడు," అంది. వాచ్‌మన్ మా దగ్గరకు వచ్చి, మీ బాడీ కాదా అని అడిగాడు. అత్త కోపగించుకోలేదు. "ఆ పిలగానికి ఏదో ఒక పేరుంటదయ్యా. ఆని ఇంటోళ్లు వస్తె అడిగి, ఆ పేరుతోనే పిలువుండ్రి," అంది. అతను తల ఊపాడు. అప్పుడు అత్త మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. మా నాయన బతికి ఉన్నందుకో, ఆ పిల్లవాడి కోసమో, అంతకు ముందు ఎన్నడో ఏడవకుండా మిగిల్చుకున్నదో, నాకు తెలియదు.

ఆమె ముఖం తుడుచుకున్నాక వాచ్‌మన్ మా నాయన ఏ కంపెనీ అని అడిగాడు. చెప్పాము. అతను కొంచెం ఆలోచించాడు. "పొద్దుగాల ఆ కంపెనీ బండే అనుకుంట, పక్క వెల్డింగ్ షెడ్డుల ఏదో పెద్ద ఇనుప సామాను దించి పోయింది. ఆడ అడుగుండ్రి."

ఆ షెడ్డు దవాఖాన గోడకు ఆనుకునే ఉంది. లోపల బొగ్గుల వేడి. గోడకు వీపు ఆనించి, నోరు తెరుచుకుని, మా నాయన నిద్రపోతున్నాడు. ఆయన నుంచి ఆ మందుల పొడి వాసన వస్తోంది.

"బాడీ పని మేం పట్టినం, ఈన నిద్ర పట్టిండు," అన్నాడు వెల్డింగ్ మేస్త్రి.

అలికిడికి నాయన కళ్లు తెరిచాడు. మమ్మల్ని చూశాడు, మా చేతుల్లోకి చూశాడు. "సద్ది తేలేదా?" అన్నాడు.

రాత్రి షిఫ్టులో కంపెనీలో ఒక పెద్ద పంపు బాడీ పగిలింది. దాన్ని అతికించడానికి ఇక్కడికి తెచ్చి, అతికాక బూడిదలో మెల్లగా చల్లారే దాకా దగ్గర ఉండమని నాయనను దించిపోయారు. సద్ది గిన్నె పట్టుకుని ఇంటివాళ్లను ఇక్కడికి రమ్మని ఫోను చెయ్యమని ఆయనే అడిగాడు. సేటు చెవికి చేరింది అందులో సగం.

అత్త పోయి, ఆయనను ముందుకు లాగి వీపు మీద రెండు చేతులతో కొట్టడం మొదలుపెట్టింది. "సద్ది కావాల్నారా నీకు? సద్ది కావాల్నా? సద్ది!" అంటూ కొట్టింది. నాయన అయోమయంగా, "ఏమైందే అక్కా, ఏమైందే," అంటూ చేతులు అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రి బొగ్గుల కర్ర పట్టుకుని నిలబడిపోయాడు.

జరిగింది విన్నాక నాయన నన్ను దగ్గరకు తీసుకుని, బూడిద కుప్పలో సగం కూరుకుపోయి ఉన్నదాన్ని చూపించాడు. అదే బాడీ అన్నాడు. పెద్ద నత్తగుల్లలాగా ఉంది. ముట్టుకోవద్దు, ఇంకా వేడిగా ఉందన్నాడు. నాకు ముట్టుకోవాలని లేదు. నిలబడి చూశాను. పొద్దున మా నాయనను చంపిందీ, ఎండ ఎక్కేసరికి తిరిగి ఇచ్చిందీ అదే. దానికి ఆ సంగతి ఏమీ తెలియదు. బూడిదలో మెల్లగా చల్లారుతోంది.

ఆ తరువాత ఇది మా ఇంట్లో నవ్వులాటగా మారింది. నాయన ఎప్పుడు ఆలస్యంగా వచ్చినా అమ్మ, బాడీ ఏడ దిగింది ఇంతసేపు అని అడిగేది. నాయన వచ్చిన చుట్టాలందరికీ ఈ కథ చెప్పేవాడు. తన వీపు దెబ్బలతో ముగించేవాడు. అత్త నవ్వేది, కుట్టుకుంటూ ఉండేది.

నాకు పిల్లలు పుట్టి పెద్దవాళ్లవుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఆమెను అడిగాను. ఆ రోజు నడుస్తున్నప్పుడు నాయన బతికి ఉన్నాడని నీకు ఏ మూలనైనా అనిపించిందా అని.

"లేదు," అంది. ఆమె మిషను ఆపలేదు. "మీ మామ పోయినప్పుడు దవాఖానల బాడీ అనే అన్నరు. ఆ మాట నాకు గప్పుడే ఎర్క. సేటు అనంగనే అయిపోయిందనుకున్న."

మరి నన్ను ఎందుకు అట్లా తిప్పావు అన్నాను. వాళ్లందరినీ ఎందుకు అడిగించావు?

ఆమె చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపింది.

"నువ్వు సూసేదాక నీకు నాయిన ఉన్నట్టే గద బిడ్డా. బస్సెక్కితే జల్దీ పోతుంటిమి. గంత జల్దీ ఎందుకు? జెరసేపు ఉండనీ అనుకున్న."

నేను అప్పటిదాకా దాన్ని మాటలాట అనుకున్నాను. భయపడిన పిల్లను ఊరడించడానికి ఒక పెద్దావిడ ఆడిన ఆట. తమ్ముడు పోయాడని నమ్మి, ఆ నమ్మకాన్ని కడుపులో పెట్టుకుని, చాచాతో సూది గురించీ కుర్రవాడితో పాల గురించీ పరాచికాలాడుతూ, ఆమె నా కోసం ఆయనను షెడ్డు తరువాత షెడ్డు బతికించుకుంటూ వచ్చింది. ఆ సంగతి తెలిశాక చాలా రోజులు ఆమె ముందు మామూలుగా కూర్చోలేకపోయాను.

మా అత్త ఈ ఏడు పోయింది. సంగారెడ్డి దవాఖానలో, నా చేతిలోనే. నాయనకు చెప్పవలసిన పని నామీద పడింది. ఆయన ఇప్పుడు బాగా పెద్దవాడు. మా తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. పటాన్‌చెరువు పోయి, అత్త దగ్గరికి పోదాం పా నాయనా అన్నాను. బస్సులో వచ్చాము. సంగారెడ్డిలో దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. నడుద్దాం అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, సరే అన్నాడు.

కొంచెం దూరం పోయాక, నాయనా, మీ కంపెనీల లోడ్ అంటే ఏంది అని అడిగాను. ఆ మాట ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పంపు ఉత్తగ తిరిగేది వేరు, లోడ్ మీద తిరిగేది వేరు అన్నాడు. చెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది, లోడ్ పడితే దాని వణుకు మారుతుందన్నాడు. ఆగి ఉన్న ఇసుక లారీని చూపించి అదొక లోడ్ అన్నాడు. కరెంటు స్తంభం మీదున్న పెట్టెను చూపించి దానిది ఇంకొకటి అన్నాడు. అరటిపళ్ల బండి దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేను ఇంకా ఏదో అడిగాను. దానికీ చెప్పాడు. చిన్న చిన్న అడుగులు వేస్తూ, చెయ్యి ఊపుతూ, ఏదీ వదలకుండా చెప్పాడు.

దవాఖాన గేటు ముందు ఆయన ఆగాడు. నా భుజం పట్టుకున్నాడు.

"మా అక్కను ఈడిదాక పానంతోని తోలుకొచ్చినవ్ బిడ్డా," అన్నాడు. "ఇగ చెప్పు."

చెప్పాను. మా అత్త నాకు నేర్పి పోయింది ఇది ఒక్కటే. చెడ్డ కబురును ఆపడం ఎవరి వల్లా కాదు, కాని దాన్ని పరుగెత్తించవలసిన పని లేదు. అది నా చేతికి వచ్చినప్పుడు నేను నడిచే పోతాను.